పాత స్మిత్స్ మీటర్లు: లోపలి సరుకు మార్చొచ్చా, ఉన్నదాన్నే బాగుచేయాలా?

టంకం_పొగ
1960ల ఎమ్‌జీబీ, ట్రయంఫ్ లాంటి బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల డాష్‌బోర్డులో స్మిత్స్ కంపెనీ మీటర్లు ఉంటాయి. అవి చెడితే రెండు దారులు. ఒకటి, లోపలి పాత పార్టులనే బాగుచేసి మళ్లీ బిగించడం. రెండోది, డయలు, ముల్లు, ముందు రింగు అలాగే ఉంచి వెనక కొత్త ఎలక్ట్రానిక్ బోర్డు పెట్టడం. రెండోదే మేలంటాను నేను. అరవై ఏళ్ల నాటి కెపాసిటర్ చూపించే లెక్కను నమ్ముకుని ఇంజన్‌ను రెడ్‌లైన్ (దాటకూడని వేగం) దాకా తిప్పడం ఏం తెలివి? స్పీడోమీటర్ జోలికి నేను పోవడం లేదు. స్టెబిలైజర్ (మీటర్లకు నిలకడైన వోల్టేజీ ఇచ్చే చిన్న డబ్బా), టాకోమీటర్ (ఇంజన్ తిరిగే వేగం చూపేది) వరకైనా ఒప్పుకుంటారా, లేదా?

ఉన్నదున్నట్టు
ఒప్పుకోను. "మీటర్ పోయింది" అని తీసేసిన వాటిలో చాలావరకు పోయినవి కావు. పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ కలిసి ఎక్కువ చూపిస్తుంటే తప్పు మీటర్లది కాదు, స్టెబిలైజర్‌దో దాని ఎర్త్‌దో (బండి బాడీకి కలిసే కనెక్షన్). ఒక్కటే తప్పు చూపిస్తే ఆ లైనునో, సెండర్‌నో (మీటర్‌కు సిగ్నల్ పంపే భాగం), ఆ తర్వాతే మీటర్‌నో అనుమానించాలి.

స్టెబిలైజర్ లోపల ఉండేది ఒక బైమెటల్ (రెండు లోహాలు అతికిన) పత్తీ, దాని మీద చుట్టిన హీటర్ తీగ. వేడెక్కితే కాంటాక్ట్ విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. అలా తెరుచుకుంటూ మూసుకుంటూ సగటున 10 వోల్టులు ఇస్తుంది. హీటర్‌కు ఎర్త్ డబ్బా ద్వారానే అందాలి. బిగించిన స్క్రూ కింద తుప్పో పెయింటో అడ్డుపడితే హీటర్ వేడెక్కదు, కాంటాక్ట్ మూసుకునే ఉంటుంది, మీటర్లకు బ్యాటరీ వోల్టేజీ మొత్తం పోతుంది. ముళ్లు రెండూ పైకి లేచి కూర్చుంటాయి. పావుగంట పని, స్క్రూ కింద గరుకు కాగితంతో రుద్దితే సరి. దానికి కొత్త బోర్డు దేనికి?

ఇంకొకటి. డిజిటల్ మల్టీమీటర్ పెట్టి "వోల్టేజీ పిచ్చిగా మారుతోంది, స్టెబిలైజర్ పోయింది" అంటుంటారు. అది మారడమే దాని పని. అవుట్‌పుట్‌కు చిన్న టెస్ట్ బల్బు తగిలించి చూడండి. వేడెక్కాక వెలుగుతూ ఆరుతూ ఉంటే బాగున్నట్టే. డబ్బా మీద పైవైపు అని గుర్తు ఉంటుంది, ఆ గుర్తు పైకే ఉండేలా బిగించాలి. వాలితే లెక్క తప్పుతుంది.

టంకం_పొగ
ఎర్త్ సంగతి నిజమే, దానికి ఎదురు లేదు. కానీ కాంటాక్టులు కాలి అతుక్కుపోయిన స్టెబిలైజర్‌ను ఏ గరుకు కాగితంతో బాగుచేస్తారు? డబ్బా మడత విప్పి లోపలి సరుకు తీసేసి 10 వోల్టుల రెగ్యులేటర్ పెట్టి మూసేస్తే బయటికి అదే డబ్బా, అవే టెర్మినళ్లు.

ముల్లుకర్ర
ఇద్దరూ కాస్త ఆగండి. రెగ్యులేటర్ పెట్టడమన్నది ఒక్క మాటలో చెప్పేంత తేలిక కాదు.

అందరూ పెట్టేది 7810 అనే రెగ్యులేటర్. దానికి అవుట్‌పుట్ కంటే ఇన్‌పుట్ దాదాపు 2 వోల్టులు ఎక్కువ ఉండాలి. డైనమో ఉన్న బండి, ఐడిల్‌లో హెడ్‌లైట్లు, వైపర్లు వేసి ఉన్నాయనుకోండి. లైను వోల్టేజీ 11.5కు దిగితే అవుట్‌పుట్ 9.5కు దిగుతుంది, ముళ్లు కిందికి వాలుతాయి. బైమెటల్ స్టెబిలైజర్‌కు ఈ బాధ ఇంతగా ఉండదు, కాంటాక్ట్ ఎక్కువసేపు మూసుకుని సర్దేస్తుంది. అందుకే పెడితే తక్కువ డ్రాప్ ఉండే ఎల్4940వి10 పెట్టండి. దాని అవుట్‌పుట్‌కు 22 మైక్రోఫారడ్ కెపాసిటర్ తప్పనిసరి, లేకపోతే ఆసిలేట్ అవుతుంది, అంటే వోల్టేజీ నిలవక ఊగుతుంది.

వేడి లెక్క కూడా చూడాలి. ఒక్కో మీటర్ ఫుల్ దగ్గర సుమారు 120 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. రెండింటికీ పావు ఆంపియర్. లైన్లో 14 వోల్టులుంటే మిగిలిన 4 వోల్టులు రెగ్యులేటర్ మీదే పడతాయి, అంటే ఒక వాటు వేడి. దాన్ని గాల్లో వేలాడదీయకుండా లోహపు వీపును డబ్బాకే బోల్టుతో బిగించాలి. 7810, ఎల్4940 రెండింటి వీపూ ఎర్త్‌కే కలిసి ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

అసలు ఇబ్బంది పాజిటివ్ ఎర్త్ బండ్లలో, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసి ఉన్నవాటిలో. ఎమ్‌జీబీ 1967 చివరి దాకా పాజిటివ్ ఎర్తే. అక్కడ ఎల్ఎమ్337 లాంటి నెగటివ్ రెగ్యులేటర్ కావాలి. 120, 820 ఓముల రెసిస్టర్లు పెడితే సుమారు 9.8 వోల్టులు వస్తాయి. 820కి సిరీస్‌లో 22 ఓములు కలిపితే 10. కానీ ఎల్ఎమ్337 వీపు ఎర్త్ కాదు, ఇన్‌పుట్. మైకా షీటు, ప్లాస్టిక్ బుష్ లేకుండా డబ్బాకు బిగించారంటే బ్యాటరీని నేరుగా షార్ట్ చేసినట్టే. ఆ లైన్లో ఫ్యూజు ఉందో లేదో కూడా చూసుకోండి.

కొత్తచేయి
స్టెబిలైజర్ సరిగ్గానే ఉంది, అయినా పెట్రోలు ముల్లు ఫుల్ దాకా పోదు. అప్పుడైనా మీటర్ విప్పాలా?

ఉన్నదున్నట్టు
విప్పనక్కర్లేదు. ట్యాంకు దగ్గర సెండర్ వైరు తీసి, దాని బదులు రెసిస్టర్లు ఎర్త్‌కు కలిపి చూడండి. సుమారు 240 ఓములకు ఎంప్టీ, 68కి సగం, 20కి ఫుల్ దగ్గర నిలవాలి. ముల్లు నిదానంగా కదులుతుంది, ఒక్కోదానికి రెండు నిమిషాలు ఆగి చదవండి. మూడూ సరిపోతే మీటర్ దివ్యంగా ఉంది, సెండర్ చేయి వంచాలి లేదా ఫ్లోట్‌లో పెట్రోలు చేరిందేమో చూడాలి.

మూడూ ఒకే పక్కకు తప్పితేనే మీటర్ వెనక్కి వెళ్లండి. రెండు చిన్న కార్కు బిరడాలు ఉంటాయి. వాటి వెనక పళ్ల అంచున్న పత్తీలు కనబడతాయి. ఒకటి ఎంప్టీ వైపు, ఇంకొకటి ఫుల్ వైపు సర్దుతుంది. సన్న స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పన్ను జరపండి. ఒకటి జరిపితే రెండోది కూడా కొంచెం కదులుతుంది, కాబట్టి అటూ ఇటూ రెండు మూడు సార్లు తిరగాలి. పని అయ్యాక కార్కులు పెట్టడం మరవకండి, దుమ్ము పోతుంది.

టంకం_పొగ
మంచిది, పెట్రోలు మీటర్ మీరే గెలుచుకోండి. టాకోమీటర్‌కు రండి. 1960ల మధ్య నుంచి ఎమ్‌జీబీలో వచ్చింది ఆర్‌వీఐ రకం. ఇగ్నిషన్ కాయిల్‌కు పోయే తెల్ల వైరు మీటర్ వెనక ఒక చుట్టు తిరుగుతుంది, ఆ కరెంటు పోట్లను లోపలి సర్క్యూట్ లెక్కపెడుతుంది. 1970లలో వచ్చిన ఆర్‌వీసీ రకం కాయిల్ నెగటివ్ నుంచి వోల్టేజీ తీసుకుంటుంది. ఆర్‌వీఐ లోపల టైమింగ్ కెపాసిటర్ ముసలిదైతే ముల్లు చూపే అంకె మెల్లగా పక్కకు జరిగిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. పైగా పాయింట్లు (స్పార్క్ కోసం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే కాంటాక్టులు) తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టిన బండిలో కరెంటు రూపమే మారిపోయి ముల్లు ఎగిరెగిరి పడుతుంది.

మీటర్ లోపలి మూవ్‌మెంట్ మామూలు మూవింగ్ కాయిల్. దాన్ని ఉంచి, వెనక 555 టైమర్ చిప్‌తో చిన్న బోర్డు పెట్టొచ్చు. స్పార్క్ ఒక్కోసారి పడ్డప్పుడల్లా ఒకే వెడల్పు పల్స్ ఇస్తే చాలు, సగటు కరెంటే ముల్లును లేపుతుంది. సప్లై రెగ్యులేటర్ నుంచి ఇస్తే బ్యాటరీ ఎక్కువ తక్కువలతో పని లేదు.

ముల్లుకర్ర
పల్స్ వెడల్పు ఎంతో చెప్పలేదు, అక్కడే చాలామంది బోల్తా పడతారు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో తిరుగుడుకు రెండు స్పార్కులు. 3000 ఆర్‌పీఎమ్ అంటే 100 హెర్ట్జ్. 7000 అంటే 233 హెర్ట్జ్, రెండు స్పార్కుల నడుమ 4.3 మిల్లీసెకన్లే. మీ పల్స్ 5 మిల్లీసెకన్లు ఉందనుకోండి, 6000 దాటాక ఒకటి విడిచి ఒకటి లెక్కపెడుతుంది, ముల్లు ఠపీమని సగానికి పడుతుంది. 2.5 నుంచి 3 మిల్లీసెకన్లు ఉంచండి. మరీ తగ్గించినా ఇబ్బందే, స్పార్క్ తర్వాత కాయిల్లో వచ్చే అలలను రెండో స్పార్క్ అనుకుంటుంది.

కాయిల్ నెగటివ్ దగ్గర పాయింట్లు విడిపోగానే కొన్ని వందల వోల్టుల పోటు లేస్తుంది. ఇన్‌పుట్‌లో పెద్ద రెసిస్టర్, జీనర్ (వోల్టేజీని హద్దులో ఉంచే డయోడ్) లేకుండా 555 కాలికి నేరుగా కలిపితే మొదటి కిక్కుకే పొగ.

ఉన్నదున్నట్టు
ఇంత చేసి చివరికి మిగిలేది స్మిత్స్ డయలు వెనక ఇంకేదో బోర్డు. కెపాసిటర్ ముసలిదైందని మీరే అన్నారు, మరి ఆ ఒక్క కెపాసిటర్ మార్చండి! అదే విలువ, మంచి ఫిల్మ్ రకం. బోర్డు మీదున్న సర్దుబాటు రెసిస్టర్‌తో 3000 దగ్గర సరిచేయండి. 1500కి, 6000కి కూడా సరిపోతే పని అయిపోయింది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కోసం మీటర్ చంపడం తలకట్టు కోసం తల కోసుకోవడం లాంటిది. పాయింట్లు మళ్లీ పెట్టినా బండి నడుస్తుంది.

పాజిటివ్ ఎర్త్ నుంచి నెగటివ్ ఎర్త్‌కు మార్చిన బండికి కూడా ఇదే మాట. లోపల సప్లై, ఎర్త్ కనెక్షన్లు రెండూ తారుమారు చేసి, వెనక తెల్ల వైరు చుట్టును ఎదురు దిశలో తిప్పితే పాత ఆర్‌వీఐ బాగా పనిచేస్తుంది. చుట్టు దిశ మరిచిపోతే ముల్లు లేవదు, లేచినా నిలవదు.

కేబుల్_గ్రీజు
స్పీడోమీటర్ జోలికి పోనన్నందుకు టంకం_పొగ గారికి దండం. దాని గురించి నాలుగు ముక్కలు, ఎందుకంటే దీన్ని కూడా జీపీఎస్ మోటారుతో మార్చేస్తున్నారు.

ముల్లు ఊగుతుంటే తొంభై పాళ్లు కేబులే. లోపలి తీగకు పలచగా గ్రీజు రాయండి, పైన మీటర్ వైపు ఒక జానెడు మాత్రం పొడిగా వదిలేయండి. తిరిగే తీగ గ్రీజును పైకి ఎక్కిస్తుంది. అది అయస్కాంతానికి, అల్యూమినియం కప్పుకు నడుమ చేరితే కప్పును కూడా లాక్కుపోతుంది. 40లో వెళ్తుంటే 70 చూపిస్తుంది. అలాంటిదాన్ని "అయస్కాంతం పోయింది" అని పారేయకండి, కడిగితే చాలు.

డయలు మీద చిన్న అక్షరాల్లో ఒక సంఖ్య ఉంటుంది, ఉదాహరణకు 1280. మైలుకు కేబుల్ అన్ని చుట్లు తిరగాలని అర్థం. గంటకు 60 మైళ్లంటే నిమిషానికి ఒక మైలు కాబట్టి, 1280 ఆర్‌పీఎమ్‌తో డ్రిల్లుకు కలిపితే ముల్లు సరిగ్గా 60 మీద నిలవాలి, ఓడోమీటర్ నిమిషంలో ఒక మైలు నడవాలి. దిశ ముందు వేళ్లతో తిప్పి చూసుకోండి.

బండి మైలుకు కేబుల్‌ను ఎన్ని చుట్లు తిప్పుతోందో కూడా కొలవొచ్చు. కేబుల్ మీటర్ వైపు విప్పి తీగ చివర అట్టముక్క గుచ్చండి. బండిని చక్రం 6 చుట్లు తిరిగేదాకా నెట్టి, అట్టముక్క ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. దాన్ని 1680తో గుణించి, చక్రం మధ్య నుంచి నేల దాకా ఉన్న ఎత్తుతో, అంగుళాల్లో, భాగించండి. తొమ్మిదీ ఒక అష్టమ భాగం చుట్లు, ఎత్తు 12 అంగుళాలు అయితే 1277 వస్తుంది, 1280 డయలుకు సరిజోడు. వెయ్యి వస్తే డిఫరెన్షియల్ ఎవరో మార్చారన్నమాట. ముల్లు వంచితే ఓడోమీటర్ సరికాదు, లైన్లో నిష్పత్తి గేర్‌బాక్స్ పెట్టాలి.

కొత్తచేయి
డయలు మసకగా ఉంది, గ్లాసు తుడిచే ద్రవంతో తుడవనా? బల్బులు ఎల్ఈడీలకు మార్చనా?

కేబుల్_గ్రీజు
వద్దు! అక్షరాలు గుడ్డకు అంటుకుని వచ్చేస్తాయి. మెత్తటి పొడి బ్రష్షు, మహా అయితే నీళ్లలో తడిపి పిండిన దూది. డయలు మీద పచ్చటి, గోధుమరంగు మెరిసే పూత ఉన్న పాత మీటరైతే అది రేడియం కావచ్చు. మెరవడం మానేసినా రేడియేషన్ పోదు, సగానికి తగ్గడానికే 1600 ఏళ్లు. గీకడం, ఊదడం రెండూ చేయకండి.

ముల్లు తీసేముందు ఇంకొకటి. అది స్టాప్ పిన్ మీద ఆనుకుని ఉంటుంది గానీ, స్ప్రింగు దాన్ని ఇంకా కిందికి లాగుతుంటుంది. మెల్లగా పిన్ పైనుంచి దాటించి, ఎక్కడ ఆగుతుందో టేపు మీద పెన్సిల్‌తో గీయండి. తిరిగి అక్కడే గుచ్చి పిన్ పైకి ఎక్కించాలి. పిన్ దగ్గరే గుచ్చితే ఎప్పటికీ ఎక్కువే చూపిస్తుంది.

బల్బులంటారా, ముందు డబ్బా లోపలి గోడలకు తెల్ల మ్యాట్ పెయింట్ వేసి 2.2 వాట్ల మామూలు బల్బే పెట్టి చూడండి. చార్జింగ్ హెచ్చరిక బల్బు మాత్రం ఎప్పుడూ ఎల్ఈడీ చేయకండి. ఆల్టర్నేటర్‌ను లేపే కరెంటు దాని గుండానే పోవాలి.

టంకం_పొగ
ఉన్నదున్నట్టు గారూ, కెపాసిటర్ ఒక్కటే మార్చి చూడమన్నది ఒప్పుకుంటాను, మొదటి ప్రయత్నంగా. కానీ ఆర్‌వీఐని బల్ల మీద పరీక్షించేదెలా? సిగ్నల్ జనరేటర్ వోల్టేజీ ఇస్తుంది, దీనికి కావాల్సింది నాలుగు ఆంపియర్ల పోట్లు.

ముల్లుకర్ర
నాలుగు ఆంపియర్లు అక్కర్లేదు. దానికి కావాల్సింది కరెంటు, చుట్ల గుణకారం. సన్న వైరును అదే దారిలో, అదే దిశలో ఎనిమిది చుట్లు తిప్పి అర ఆంపియర్ పోట్లు పంపండి, ట్రాన్సిస్టర్ ఒకటి చాలు. మీటర్‌కు విడిగా 13.5 వోల్టులు ఇచ్చి 50, 100, 200 హెర్ట్జ్ దగ్గర 1500, 3000, 6000 చదవండి. ఆ మూడూ కెపాసిటర్ మార్చాక కూడా సరిపడకపోతే అప్పుడు మీ 555 పెట్టండి, నేను అడ్డురాను. తీసిన పాత బోర్డును ఒక కవర్లో వేసి, చుట్టు దిశ ఫోటోతో సహా బండి కాగితాలతో ఉంచండి. డబ్బాకు కొత్త రంధ్రం మాత్రం ఒక్కటి కూడా వేయొద్దు.

ఉన్నదున్నట్టు
రంధ్రం వేయకపోతే నాకూ సరే. ఎల్ఈడీ గొడవ వేరే చర్చలో పెట్టుకుందాం.