లార్డ్స్ ఒప్పుకోకుండానే నక్కల వేట నిషేధం చట్టం ఎలా అయింది?

పాలిటీ_పిచ్చోడు:
ఇంగ్లండ్, వేల్స్‌లో కుక్కలతో నక్కల్ని వేటాడటం నిషేధించిన 2004 హంటింగ్ యాక్ట్ గురించి చదువుతున్నా. బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ లార్డ్స్ చివరిదాకా ఒప్పుకోలేదు, అయినా చట్టం వచ్చేసింది. పైగా 2004 సెప్టెంబర్ 15న దిగువ సభ కామన్స్‌లో ఒక్క రోజులోనే అన్ని దశలూ కానిచ్చేశారట. అంత గొడవ ఉన్న బిల్లుని అలా ఎలా తోసేస్తారు? ఆ గడువుల లెక్క ఎవరైనా విడమరిచి చెప్తారా?

లెస్టర్_లా_స్టూడెంట్:
ఆ ఒక్క రోజుని మాత్రమే చూడకు బ్రో, గడియారం 2002 డిసెంబర్ 16నే మొదలైంది. 1911 పార్లమెంట్ యాక్ట్, దాన్ని సవరించిన 1949 యాక్ట్ ప్రకారం మామూలు బిల్లుని లార్డ్స్ చంపలేదు, ఆలస్యం చేయగలదంతే. కామన్స్ వరసగా రెండు సెషన్లలో పాస్ చేయాలి, మొదటి సెషన్లో సెకండ్ రీడింగ్ (బిల్లు మూల ఉద్దేశం మీద చర్చ, ఓటు; ఇక్కడ ఆ డిసెంబర్ 16) జరిగిన రోజుకీ రెండో సెషన్లో పాసైన రోజుకీ మధ్య ఏడాది గడవాలి, రెండుసార్లూ సెషన్ ముగియడానికి కనీసం నెల ముందే లార్డ్స్‌కి పంపాలి. కామన్స్ మొదటిసారి పాస్ చేసి పంపితే, 2003లో సెషన్ ముగిసేలోపు లార్డ్స్ దాన్ని తేల్చలేదు. కాబట్టి 2004 సెప్టెంబర్ నాటికి ఏడాది షరతు ఎప్పుడో తీరిపోయింది. నవంబర్ 18న, సెషన్ ఆఖరి రోజున, స్పీకర్ మైకేల్ మార్టిన్ పార్లమెంట్ యాక్ట్ ప్రయోగించారు, అదే రోజు రాజముద్ర పడింది.

గోదారి_గట్టు:
సరే, కానీ ఒక్క రోజులో చర్చ ఏం జరిగినట్టు? సవరణలు పెట్టుకునే అవకాశం కూడా ఇవ్వలేదా?

లెస్టర్_లా_స్టూడెంట్:
అసలు మెలిక అక్కడే ఉందండి. రెండోసారి పంపేది *అదే* బిల్లు అయి ఉండాలి. కామన్స్ తనంతట తను విషయం మార్చిందా, కొత్త బిల్లు కింద లెక్క, గడువు మళ్లీ మొదటికి. అందుకే సవరణలు చేసే కమిటీ దశకి అర్థమే లేదు. మంత్రి అలన్ మైకేల్ మొదట తెచ్చింది లైసెన్స్ పద్ధతి, 2003 జూన్ 30న ఎంపీలే దాన్ని పూర్తి నిషేధంగా మార్చారు, ఇక అక్కడే బిగుసుకుపోయింది. ఉన్న సందల్లా 'సూచిత సవరణ' ఒకటే, దాన్ని లార్డ్స్ ఒప్పుకుంటేనే బిల్లులో చేరుతుంది. అమలుని 2006 దాకా ఆపుదామని కామన్స్ అలాగే సూచించింది. లార్డ్స్ అదీ వద్దంది, దాంతో నిషేధం 2005 ఫిబ్రవరి 18నే అమల్లోకొచ్చింది. వేటగాళ్ల వైపున్నవాళ్లే ఏడాదికి పైగా వెసులుబాటు వదిలేసుకున్నారు, నాకైతే ఇది ఇప్పటికీ వింతే.

కోర్టు_కబుర్లు:
కోర్టుకీ వెళ్లారు. 1949 యాక్టే లార్డ్స్ సమ్మతి లేకుండా వచ్చింది, కాబట్టి అది చెల్లదు, దాని మీద ఆధారపడ్డ వేట చట్టమూ చెల్లదన్నది జాక్సన్ కేసులో వాదన. తెలివైన వాదనే. 2005 అక్టోబర్‌లో తొమ్మిది మంది లా లార్డ్స్ (అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయమూర్తులు) ఏకగ్రీవంగా కొట్టేశారు.

బెజవాడ_బుల్లోడు:
ఇదేదో లండన్ వింత అనుకోకండి, మన రాజ్యాంగంలోనూ ఆర్టికల్ 197 ఉంది. శాసనమండలి మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక్క నెల మాత్రమే ఆపగలదు. మూడు రాజధానుల బిల్లులు గుర్తున్నాయిగా? 2020 జనవరిలో మండలి ఛైర్మన్ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నానన్నారు, అంత రచ్చ జరిగింది, మండలినే రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. కానీ పని జరిపించింది క్యాలెండరే. జూన్‌లో అసెంబ్లీ మళ్లీ పాస్ చేసింది, మండలి వాటిని చేపట్టకుండానే వాయిదా పడింది, నెల గడిచింది, జూలై 31న గవర్నర్ సంతకం పెట్టేశారు.

పాలిటీ_పిచ్చోడు:
థాంక్స్ అన్నా. మరి మన పార్లమెంటులో మామూలు బిల్లుకి ఇలా కాదుగా, ఆర్నెల్లు దాటితే ఉమ్మడి సమావేశమే కదా?

బెజవాడ_బుల్లోడు:
అవును, ఆర్టికల్ 108. దాని కింద పాసైన బిల్లులు మూడే: 1961లో వరకట్న నిషేధం, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు, 2002లో ఉగ్రవాద నిరోధక చట్టం పోటా. రాష్ట్రాల్లో మాత్రం ఉమ్మడి సమావేశం లేదు, అసెంబ్లీ మాటే చెల్లుతుంది.