స్టీవ్ క్లార్క్ స్కాట్లాండ్ ఫుట్‌బాల్ జట్టులో ముగ్గురు సెంటర్ బ్యాక్‌ల పద్ధతి: టియర్నీ ముందుకెళ్తే వెనక ఎవరు?

కోచ్ క్లార్క్ ఆడే రోజుల్లో స్వయంగా రైట్ బ్యాక్ (కుడి అంచు డిఫెండర్). సెయింట్ మిరెన్ క్లబ్‌కు, ఆ తర్వాత 1987 నుంచి 1998 వరకు చెల్సీకి ఆడాడు. కోచ్‌గా 2018-19లో కిల్మార్నాక్‌ను స్కాటిష్ లీగ్‌లో మూడో స్థానానికి చేర్చి, 2019 మేలో స్కాట్లాండ్ పగ్గాలు అందుకున్నాడు. అక్కడ ఇద్దరు మేటి లెఫ్ట్ బ్యాక్‌లున్నారు కాబట్టి రాబర్ట్‌సన్‌ను వింగ్ బ్యాక్‌గా (అంచు వెంట ముందుకూ వెనక్కూ పరిగెత్తేవాడు), టియర్నీని ముగ్గురు సెంటర్ బ్యాక్‌లలో (గోల్ ముందు మధ్యలో కాచే డిఫెండర్లు) ఎడమవాడిగా ఆడించాడు.

నా సందేహం ఇక్కడే. ఇద్దరూ ఒకేసారి పైకి వెళ్తే ఎడమ వైపు ఖాళీ అవుతుంది. 2021 జూన్ 18న వెంబ్లీలో ఇంగ్లండ్‌తో 0-0 మ్యాచ్‌లో ఆ ఖాళీని మధ్యనున్న సెంటర్ బ్యాక్ హాన్లీ జరిగి పూడ్చాడా, లేక మిడ్‌ఫీల్డర్ మెక్‌గ్రెగర్ వెనక్కి దిగాడా? టీవీ కెమెరా బంతి వెంటే తిరుగుతుంది కాబట్టి అది తేలదు. అంతకుముందు టియర్నీ లేకుండా చెక్ రిపబ్లిక్ చేతిలో 0-2తో ఓడిన మ్యాచ్‌లో, చెక్ ఆటగాడు షిక్ మొదటి గోల్‌కు క్రాస్ (పక్క నుంచి గోల్ ముందుకు కొట్టే బంతి) వచ్చింది ఆ వైపు నుంచే. (రెండోది సగం మైదానం నుంచి కొట్టింది, దాన్ని లెక్కలోకి తీసుకోను.)

ఇంకొకటి: యూరో 2024 (యూరప్ దేశాల టోర్నీ) తర్వాత క్లార్క్ నలుగురు డిఫెండర్లకు మారడానికి ఆ టోర్నీలో మ్యూనిక్‌లో జర్మనీ చేతిలో 1-5 ఓటమే కారణమా, టియర్నీ గాయమా? గాయమే అని నా అనుమానం. 2025 నవంబర్ 18న డెన్మార్క్‌పై 4-2 గెలుపులో టియర్నీ సబ్‌స్టిట్యూట్‌గానే వచ్చి గోల్ కొట్టాడు.

మైదానం మొత్తం కనిపించే వీడియో చూసినవాళ్లు ఏ నిమిషంలో ఎవరు జరిగారో చెప్పగలరా?