మా అబ్బాయి విషయం చెప్పాడు, విశ్వాసులుగా మేం ఏం చేయాలి?

గాజువాక తల్లి:
అందరికీ వందనాలు. మా వారు స్టీల్ ప్లాంట్‌లో చేస్తారు. పెద్దబ్బాయికి ఇరవై ఏళ్లు, బీటెక్. సండే స్కూల్ నుంచి సంఘంలోనే పెరిగాడు, ఆరాధనలో కీబోర్డు వాయిస్తాడు. పోయిన నెల నన్ను కూర్చోబెట్టి, తనకి అమ్మాయిల మీద ఎప్పుడూ ఇష్టం కలగలేదని, అబ్బాయిల మీదే కలుగుతుందని, మార్చమని ఇంటర్ నుంచి ఉపవాసం ఉండి ప్రార్థన చేస్తున్నా ఏమీ మారలేదని ఏడుస్తూ చెప్పాడు. మా వారు అప్పటి నుంచి వాడితో మాట్లాడటం లేదు. గారాబం వల్లే ఇలా అయ్యాడని మా ఆడపడుచు అంటోంది. ఎక్కడో స్వస్థత కూటంలో దురాత్మను వెళ్లగొడతారట, కొన్ని వారాలు అక్కడే వదిలేయాలట. ఇది పాపమా? మా పెంపకం లోపమా? పంపాలా? రాత్రుళ్లు నిద్ర లేదు, దయచేసి తిట్టకండి.

మధురవాడ విశ్వాసి:
సిస్టర్, నా నమ్మకం దాచను. లేవీయకాండము 18:22, రోమా 1:26-27, 1 కొరింథీ 6:9 చదివితే పురుషుడు పురుషునితో ఉండటం పాపమనే నాకు అర్థమవుతుంది. కానీ మనసులో ఆకర్షణ కలగడం వేరు, ఆ పని చేయడం వేరు. శోధన రావడమే పాపమైతే హెబ్రీ 4:15లో ప్రభువు మనలాగే శోధింపబడ్డాడు, అయినా పాపం లేనివాడని ఎందుకుంటుంది? మీ వాడు చెప్పింది ఆకర్షణ సంగతి, అదీ అమ్మకి నిజం చెప్పాడు. అదే రోమా 1లో ఇంకొంచెం కిందికి వస్తే అసూయ, కొండేలు, అహంకారం అన్నీ ఉన్నాయి, వాటికోసం మన సంఘాల్లో ఎవర్నీ వెళ్లగొట్టడం నేను చూడలేదు. వాడు ఒప్పుకోకుండా పాస్టరు గారికి కూడా చెప్పకండి. ఒక నోటి నుంచి ఇంకో నోటికి వెళ్లి చివరికి ప్రార్థన విన్నపం అయి కూర్చుంటుంది.

వన్‌టౌన్ ఆర్‌సీయం:
అమ్మా, పెంపకం మాట మనసులోంచి తీసేయండి. యోహాను 9లో గుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారు, వీడా వీడి కన్నవారా అని శిష్యులడిగితే ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. మీ అబ్బాయిది గుడ్డితనం అనడం లేదు, కన్నవాళ్ల మీద నేరం మోపే ఆ అలవాటు గురించి చెబుతున్నా. మా క్యాథలిక్ సంఘం బోధల పుస్తకం సత్యోపదేశంలోనూ ఆ క్రియలు తప్పనే ఉంది, దాని పక్కనే అలాంటివాళ్లను గౌరవంతో, కనికరంతో చేర్చుకోవాలనీ ఉంది. 2018లో ఐర్లండ్ నుంచి తిరిగి వెళ్తూ విమానంలో పోప్ ఫ్రాన్సిస్‌ని ఇలాంటి తండ్రికి ఏం చెబుతారని అడిగితే, ప్రార్థన చేయండి, ఖండించకండి, బిడ్డతో మాట్లాడండి అన్నారు.

సైకియాట్రీ నర్సు, వైజాగ్:
ఆ కూటం గురించి మాత్రం గట్టిగా చెబుతాను, పంపకండి. ఇలాంటి చోట్ల నుంచి వచ్చిన పిల్లల్ని వార్డులో చూశాను, పస్తులు పెట్టి, నిద్ర పోనివ్వకుండా రాత్రంతా అరుస్తూ ప్రార్థన చేసి, మారలేదంటే విశ్వాసం లేదని ఆ పిల్లాడినే తప్పుపడతారు. ఇది జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జాబితాలోంచి తీసేసింది. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్, డాక్టరు కన్వర్షన్ థెరపీ, అంటే ఇలా మార్చే చికిత్స, చేస్తే అది వృత్తిపరమైన తప్పు అని చెప్పింది. అమెరికాలో క్రైస్తవులే నడిపిన ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఏళ్ల తరబడి ఈ మార్చే పనే చేసి 2013లో క్షమాపణ చెప్పి మూసేసింది. పైగా మీ అబ్బాయి మేజర్, ఇష్టం లేకుండా ఎక్కడా ఉంచకూడదు. వాడు తిండి మానేసినా, చచ్చిపోవాలనుంది అన్నా ఆలస్యం చేయకుండా 14416, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

మర్రిపాలెం కుర్రాడు, ఇప్పుడు హైదరాబాద్:
ఆంటీ, నేనూ మీ అబ్బాయిలాంటి వాడినే, విశ్వాసిని కూడా. మధురవాడ అన్నయ్య ఎంతో మర్యాదగా రాశారు, కానీ పూర్తిగా ఒప్పుకోలేను. దేవుడు సొదొమ పట్టణాన్ని నాశనం చేసింది మాలాంటి వాళ్ల వల్లే అంటారు, కానీ సొదొమ పాపం ఏమిటో యెహెజ్కేలు 16:49 చెబుతుంది, గర్వం, కడుపు నిండా తిండి ఉండీ దీనులకు చెయ్యి అందించకపోవడం. రోమా 1 గురించి కూడా బైబిల్ బాగా చదివినవాళ్లే వేరే రకంగా ఆలోచిస్తున్నారు. అన్నయ్యా, ఆకర్షణ వేరు, పని వేరు అని మీకు తేలికే, కానీ మీకు పెళ్లి, పిల్లలు, ఇల్లు ఉన్నాయి, మాకు జన్మంతా ఒంటరిగా ఉండమంటున్నారు, ఆ ఒంటరితనంలో సంఘం ఏ రోజైనా మా ఇంటికి భోజనానికి వస్తుందా? ఆంటీ, అంకుల్ గారితో ఒకటే చెప్పండి. ఎఫెసీ 6:4 తండ్రులకే రాసింది, పిల్లలకు కోపం రేపవద్దని. మా నాన్న రెండేళ్లు మాట్లాడలేదు. ఆ రెండేళ్లలో నేను మారలేదు, ఇంటికి రావడం మానేశానంతే. ఇంకొకటి, పెళ్లి చేస్తే సర్దుకుంటాడని ఎవరైనా అంటే వినకండి, ఒక ఆడపిల్ల జీవితం పాడవుతుంది.

మధురవాడ విశ్వాసి:
తమ్ముడూ, వాక్యం విషయంలో నా అభిప్రాయం అదే. భోజనం మాట మాత్రం నిజం, మా సంఘంలో అలా ఎవరూ చేయడం లేదు. పెళ్లి విషయంలో నీ మాటే నా మాట.

గాజువాక తల్లి:
అందరికీ చాలా థ్యాంక్స్. కూటానికి పంపనని ఆడపడుచుకి ఫోన్ చేసి చెప్పేశాను, కోపం వచ్చింది, రానివ్వండి. పాపమా కాదా అన్నది నాకింకా తేలలేదు, కానీ వాడు నా కొడుకు. మా వారు మాత్రం నా మాట వినరు, మగవాళ్లు, విశ్వాసులు ఎవరైనా చెబితే వింటారేమో.

మధురవాడ విశ్వాసి:
నాకూ ఇద్దరు కొడుకులు సిస్టర్. మీ అబ్బాయి సరే అంటే మీ వారి నంబరు మెసేజ్‌లో పెట్టండి, ఆయన షిఫ్ట్ ఎప్పుడు అయిపోతుందో కూడా చెప్పండి, నేనే గాజువాక వస్తాను.