ఘనానికీ ద్రవానికీ మధ్య గీత ఎక్కడ గీస్తారు?

నీలిమ_ఫిజిక్స్:
అందరికీ నమస్కారం. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. "ఘనానికి ఆకారం ఉంటుంది, ద్రవం పాత్ర ఆకారం తీసుకుంటుంది" అని చిన్నప్పటి నుంచీ చదువుతున్నాం. కానీ ఇసుక కూడా పాత్ర ఆకారమే తీసుకుంటుంది కదా? గట్టి తారు ముద్దను సుత్తితో కొడితే పెంకుల్లా పగులుతుంది, వదిలేస్తే ఏళ్ల తరబడి మెల్లగా కారుతుంది. గాజు కూడా ద్రవమేనని కొందరంటారు. పైగా నీటిని ఉక్కులాగే నొక్కలేమంటారు. మరి అసలు తేడా ఎందులో ఉంది? అంకెలతో చెబితే సంతోషం.

పదార్థం_పాతకాపు:
నీలిమ గారూ, చాలా మంచి ప్రశ్న. ఈ విషయం పాఠాలు చెప్పేటప్పుడు నేను ఎప్పుడూ పాత్ర దగ్గర మొదలుపెట్టను, షియర్ దగ్గర, అంటే పొర మీద పొరను పక్కకు జరపడం దగ్గర మొదలుపెడతాను.

ముందు నొక్కడం సంగతి చూద్దాం. నీటి బల్క్ మాడ్యులస్ (అన్ని వైపుల నుంచీ నొక్కితే ఎంత ఎదురు తిరుగుతుందో చెప్పే కొలత) సుమారు 2.2 గిగాపాస్కల్స్, ఉక్కుది 160 చిల్లర. అంటే నీరు ఉక్కు కంటే 70 రెట్లు మెత్తన, కానీ గాలి కంటే 20 వేల రెట్లు గట్టి. సముద్రంలో 11 కిలోమీటర్ల లోతున కూడా నీటి సాంద్రత దాదాపు 5 శాతమే పెరుగుతుంది. కాబట్టి నొక్కుడు పరీక్షలో ఘనం, ద్రవం విడిపోవు.

ఇప్పుడు అడ్డంగా జరపండి. దిమ్మ అడుగును పట్టుకుని పైముఖాన్ని పక్కకు నెడితే ఉక్కు ఎదురు తిరుగుతుంది, వదిలేస్తే వెనక్కి వస్తుంది. ఆ ఎదురు తిరగడానికి కొలతే దృఢతా గుణకం, ఉక్కుకు అది సుమారు 80 గిగాపాస్కల్స్. నీటికి అది సున్నా. తక్కువ అని కాదు, సున్నా. ఎంత జరిపారన్నది నీటికి పట్టదు, ఎంత వేగంగా జరుపుతున్నారన్నదే పడుతుంది. ఆ వేగానికి ఎదురుపడే గుణమే స్నిగ్ధత.

మీరు చదివిన ద్రవస్థితిశాస్త్రంలో చాలా భాగం ఈ సున్నా నుంచే వస్తుంది. నిశ్చలంగా ఉన్న నీటిలో పీడనం ప్రతి తలానికీ లంబంగానే ఎందుకుంటుంది? కాస్త వాలుగా ఉన్నా నీరు జారిపోతుంది, ఇక నిశ్చలంగా ఉండదు గనక. ఒకే బిందువు దగ్గర అన్ని దిశల్లోనూ పీడనం సమానంగా ఉండడానికీ, నిలిచిన నీటి ఉపరితలం సమతలంగా ఉండడానికీ కారణం ఇదే. ఇసుకను కుప్పగా పోస్తే వాలుగా నిలబడుతుంది చూడండి, రేణువుల మధ్య రాపిడి షియర్‌ను కొంతవరకు మోస్తుంది కాబట్టి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ భూగర్భం. భూకంపం వస్తే రెండు రకాల తరంగాలు లోపలికి వెళ్తాయి. నొక్కుతూ సాగే పీ తరంగాలు దేనిలోనైనా పోతాయి. అడ్డంగా ఊపే ఎస్ తరంగాలకు మాత్రం దృఢత కావాలి. సుమారు 2,900 కిలోమీటర్ల లోతు దాటి ఎస్ తరంగాలు ముందుకు పోవు. అక్కడ మొదలయ్యే భూమి నడిభాగం, అంటే కోర్, ద్రవమేనని 1926లో భూభౌతిక శాస్త్రవేత్త జెఫ్రీస్ వాదించాడు. దాని లోపల ఇంకో కోర్ ఉందని 1936లో భూకంప శాస్త్రవేత్త ఇంగె లేమన్ చూపించింది, అది ఘనమని తర్వాత తేలింది. ఎవరూ తవ్వి చూడలేదు, షియర్ తరంగం చెప్పింది.

గాజుపలక:
గాజు గురించి నేను చెబుతాను. పాత కిటికీ అద్దాల అడుగు మందంగా ఉంటుంది కాబట్టి గాజు కారుతోందన్న కథ నిజం కాదు. అప్పట్లో కరిగిన గాజును గిరగిరా తిప్పి పళ్లెంలా చేసి, దాన్నే ముక్కలుగా కోసేవారు. అందుకే మందం అన్నిచోట్లా ఒకేలా ఉండేది కాదు. నిజంగా గాజు అంత కారేదైతే 1897లో యెర్క్స్ అబ్జర్వేటరీలో అమర్చిన 102 సెంటీమీటర్ల లెన్స్ ఎప్పుడో పనికిరాకుండా పోయేది. అణువుల అమరిక ద్రవంలో లాగా క్రమం లేకుండా ఉంటుంది, అది నిజం. కానీ షియర్ పరీక్షలో గాజు ఘనమే.

నీలిమ_ఫిజిక్స్:
ధన్యవాదాలండీ. అయితే తారు మాటేమిటి? దాని దృఢతా గుణకం సున్నానా, కాదా?

పదార్థం_పాతకాపు:
ఇక్కడే భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ పనికొస్తాడు. స్నిగ్ధతను దృఢతా గుణకంతో భాగిస్తే సెకన్లు వస్తాయి. అంతకంటే త్వరగా లాగితే పదార్థం ఘనంలా, నిదానంగా లాగితే ద్రవంలా ప్రవర్తిస్తుంది. ఒకసారి లెక్క చేసి చూడండి, చాలా బాగుంటుంది.

నీరు: 10⁻³ పాస్కల్-సెకన్లను 10⁹ పాస్కల్స్‌తో భాగిస్తే సెకనులో లక్షకోటో వంతు. అంత తక్కువ వ్యవధిలో నీరు కూడా బిగుసుకుంటుంది.

తారు: క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పార్నెల్ 1927లో మొదలుపెట్టిన ప్రయోగం (గరాటులోంచి తారు బొట్టుబొట్టుగా కారడాన్ని గమనించేది) నుంచి దాని స్నిగ్ధత సుమారు 2.3 × 10⁸ పాస్కల్-సెకన్లు అని తేలింది, నీటికి 23 వేల కోట్ల రెట్లు. వేగంగా కొట్టినప్పటి దృఢత 10⁹ ప్రాంతం అనుకుంటే, వచ్చేది సెకనులో కొంత భాగమే! సుత్తి దెబ్బ అంతకంటే త్వరగా ముగుస్తుంది, అందుకే పగులుతుంది. మరి ఒక్కో బొట్టు పడడానికి ఏళ్లెందుకు? అక్కడ తోసేది తారు సొంత బరువు ఒక్కటే, పైగా గరాటు కాడ సన్నన. ఈ రెండు కాలాలూ ఒకటి కావు, దయచేసి కలపకండి.

భూమి మాంటిల్ (పైపెంకుకూ కోర్‌కూ మధ్య ఉన్న మందపాటి రాతి పొర): స్నిగ్ధత 10²¹ ప్రాంతం, దృఢత 7 × 10¹⁰ ప్రాంతం. లెక్క వేస్తే కొన్ని వందల ఏళ్లు వస్తాయి. అందుకే సెకన్లలో ఊగే ఎస్ తరంగానికి అది రాయి. వేల ఏళ్ల కిందట మంచు బరువు తొలగిన స్కాండినేవియాకు మాత్రం అది ద్రవం. బోత్నియా అఖాతం దగ్గర నేల ఇప్పటికీ ఏడాదికి దాదాపు 1 సెంటీమీటరు పైకి లేస్తోంది.

ప్రవాహం77:
కాలం ఒక్కటే అయితే టూత్‌పేస్టు ఎలా అర్థం చేసుకోవాలి? బ్రష్ మీద ఎంతసేపు ఉంచినా కారదు. ట్యూబు నొక్కగానే ప్రవహిస్తుంది.

పదార్థం_పాతకాపు:
నిజమేనండీ, కాలంతో పాటు బలాన్నీ చూడాలి. టూత్‌పేస్టుకు ఒక హద్దు బలం ఉంటుంది. షియర్ ప్రతిబలం దాని కంటే తక్కువైతే ఆచరణలో ఘనం, దాటితే ద్రవం. ఈ రకం ప్రవాహానికి బింగ్‌హామ్ పేరు పెట్టారు.

మెత్తని ఉక్కుకూ ఇలాంటి హద్దు ఉంది. 250 మెగాపాస్కల్స్ దాకా లాగి వదిలితే వెనక్కి వస్తుంది, దాటితే సాగి అలాగే ఉండిపోతుంది. కానీ ఉక్కులో అణువుల పొరలన్నీ ఒకేసారి జారవు. స్ఫటికంలో డిస్‌లొకేషన్ అనే లోపం ఒక్కో వరుసను దాటుకుంటూ కదులుతుంది, అందుకు చాలా తక్కువ బలం చాలు. 1934లో టేలర్, ఒరోవాన్, పోలాన్యీ ముగ్గురూ విడివిడిగా ఈ ఆలోచనకు వచ్చారు. పొరలన్నీ ఒకేసారి జారతాయన్న అంతకుముందు లెక్క ప్రకారం లోహాలు కొలిచినదాని కంటే వందల, వేల రెట్లు బలంగా ఉండాల్సింది. నీలిమ గారూ, మీ తర్వాతి సెమిస్టర్‌లో ఇది వస్తే ఆ పాత లెక్కను మీరే ఒకసారి వేసి చూడండి.