బావగారి బయాప్సీలో 'ఐడీహెచ్ నెగటివ్' అని వచ్చింది, గ్లయోబ్లాస్టోమానేనా?

ప్రశ్న, గుంటూరు నుంచి:
మా బావగారికి 36 ఏళ్లు. ఫిట్స్ వస్తే స్కాన్ తీశారు, కుడి ఫ్రంటల్ లోబ్‌లో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్ అయింది. రిపోర్టులో 'డిఫ్యూజ్ గ్లయోమా, ఐడీహెచ్1 ఆర్132హెచ్ నెగటివ్, ఏటీఆర్‌ఎక్స్ లాస్' అని రాశారు. నెగటివ్ అంటే గ్లయోబ్లాస్టోమానే (మెదడు గడ్డల్లో బాగా తీవ్రమైన క్యాన్సర్) అని ఒక బంధువు నెట్‌లో చూసి అక్కతో అనేశాడు. ఇంట్లో ఒకటే టెన్షన్. నిజమేనా అండీ?

జవాబు, విజయవాడ నుంచి, పాథాలజీ:
అప్పుడే ఆ పేరు పెట్టేయకండి. ఆ నెగటివ్ వచ్చింది ఐహెచ్‌సీలో, అంటే ముక్కకు రంగు వేసి ప్రోటీన్‌ను చూసే పరీక్షలో. అది ఐడీహెచ్1 జన్యువులో ఆర్132హెచ్ అనే ఒక్క మార్పునే పట్టుకుంటుంది. ఐడీహెచ్ మార్పున్న గ్లయోమాల్లో (మెదడులోని గ్లయల్ కణాల గడ్డల్లో) దాదాపు 90 శాతం అదే. మిగిలినవాటిలో ఐడీహెచ్1లోనే వేరే మార్పో, ఐడీహెచ్2లో మార్పో ఉంటుంది. అవి దీనికి దొరకవు. అందుకే 55 ఏళ్ల లోపువారికి నెగటివ్ వస్తే జీన్ సీక్వెన్సింగ్ (జన్యువును అక్షరం అక్షరం చదివే పరీక్ష) చేయించమంటారు.

మీ బంధువు చూడనిది ఏటీఆర్‌ఎక్స్ మాట. 'లాస్' అంటే ఆ ప్రోటీన్ గడ్డ కణాల్లో కనిపించలేదని. ఈ వయసులో అది పోయిందంటే నా అనుమానం ముందు ఐడీహెచ్ మార్పున్న ఆస్ట్రోసైటోమా (గ్లయోమాలో ఇంకో రకం) మీదకే వెళ్తుంది. హెచ్3 అనే జన్యువులో జీ34 మార్పుండే అరుదైన రకంలోనూ ఏటీఆర్‌ఎక్స్ పోతుంది, కాబట్టి హెచ్3 కూడా చూడమనండి. 2021 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణ ప్రకారం ఐడీహెచ్ మార్పు ఉంటే దాన్ని గ్లయోబ్లాస్టోమా అనరు.

గుంటూరు:
మళ్లీ ముక్క తీయాలా? 1పీ/19క్యూ కూడా చేయించమంటున్నారు, ఖర్చు చూసుకోవాలి.

విజయవాడ:
మామూలుగా అక్కర్లేదండీ. తీసిన ముక్క మైనం బ్లాకులో భద్రంగా ఉంటుంది. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి పాథాలజీలో అర్జీ పెట్టి బ్లాకు, స్లైడ్లు, రిపోర్టు కాపీ తీసుకోండి. మన ఎండల్లో బ్లాకును కారులో వదిలేయకండి, మైనం కదా!

1పీ/19క్యూ అంటే 1, 19 క్రోమోజోముల్లోని రెండు భాగాలు. ఆ రెండూ పోతేనే ఒలిగోడెండ్రోగ్లయోమా అనే మరో రకం గ్లయోమా. ఏటీఆర్‌ఎక్స్ స్పష్టంగా పోయినచోట సాధారణంగా ఆ పరీక్ష అవసరం ఉండదు. ఆ డబ్బు సీక్వెన్సింగ్‌కు పెట్టండి. ప్యానెల్‌లో (ఒకేసారి చూసే జన్యువుల జాబితాలో) టెర్ట్, ఈజీఎఫ్‌ఆర్, సీడీకేఎన్2ఏ/బీ జన్యువులు ఉన్నాయో లేదో ముందే అడగండి. ఈ చివరిది రెండు ప్రతులూ పోతే, మైక్రోస్కోపులో నెమ్మదిగా కనిపించిన ఐడీహెచ్ ఆస్ట్రోసైటోమా కూడా గ్రేడ్ 4 (అత్యంత తీవ్రమైనది) అవుతుంది. అంటే ఫలితం ఎటైనా తిరగొచ్చు, అక్కకు ముందే ధీమా ఇవ్వకండి.

రేడియేషన్ ఎప్పుడు మొదలుపెట్టాలో, రిపోర్టు కోసం ఎన్నాళ్లు ఆగొచ్చో ఆంకాలజిస్టునే అడగండి. ఫలితాలు వచ్చాక పాథాలజిస్టుతో కణాల తీరు, జన్యు మార్పులు కలిపి 'ఇంటిగ్రేటెడ్ డయాగ్నసిస్' రాయించుకోండి.