మోకాలి ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళకు వీడియో పాఠాలు: యాప్ కావాలా, వాట్సాప్ సరిపోతుందా?

ప్రశ్న:
నమస్కారమండి. ఎముకల ఆసుపత్రిలో పేషెంట్లకు జాగ్రత్తలు చెప్పే పని నాది. మోకాలి మార్పిడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది 65 దాటినవాళ్ళే. డిశ్చార్జి రోజు ఇచ్చే కాగితం మందుల సంచిలోంచి బయటికి రాదు. 18 నిమిషాల వీడియో తీసి పంపాం, చివరిదాకా చూశామన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఇప్పుడు యాప్ చేయిద్దామంటున్నారు. చేయించమంటారా?

ఫిజియోథెరపిస్టు:
వద్దండి. ఓటీపీ కొడుకు ఫోనుకు పోతుంది, కొడుకేమో బెంగళూరులో ఉంటాడు. వాట్సాప్‌లో వీడియో నొక్కి చూడటం మాత్రం మనవల పుణ్యమా అని చాలామందికి వచ్చేసింది.

నేను చేసిన పొరపాటు చెప్తాను. ఆపరేషన్ తర్వాత చుట్టిన తువ్వాలు మడమ కింద పెట్టాలి, మోకాలి కింద ఏదీ ఉండకూడదు. ఉంటే హాయిగానే ఉంటుంది కానీ కాలు వంగినట్టే బిగుసుకుంటుంది. నా మొదటి వీడియోలో కెమెరా పాదాల వైపు పెట్టాను. తువ్వాలు ఎక్కడుందో తెలియక ఒక మామ్మగారు పది రోజులు మోకాలి కింద దిండు పెట్టుకునే పడుకున్నారు. "నువ్వు చూపించినట్టే చేస్తున్నా బాబూ" అన్నారు పాపం. తర్వాత మంచం పక్కనుంచి, తుంటి నుంచి మడమ దాకా కనపడేలా మళ్ళీ తీశాను.

ఒక వీడియోలో ఒకే పని, నిమిషం దాటొద్దు. "క్వాడ్రిసెప్స్ బిగించండి" అంటే ఎవరికీ ఎక్కదు. "మోకాలిని పరుపుకేసి నొక్కి, అయిదు లెక్కపెట్టి వదలండి" అనండి. మ్యూజిక్ అసలొద్దు. వయసు మీదపడితే ముందు వినపడకుండా పోయేవి సన్నటి శబ్దాలు, స, చ లాంటివి మ్యూజిక్‌లో కలిసిపోతాయి. వాకర్‌తో లేవడం, పాదం పైకీ కిందకీ ఆడించడం ఆపరేషన్‌కు ముందే నేర్పండి, తర్వాత మందుల మత్తులో తలకెక్కవు.

వెబ్ డిజైనర్:
లింకు ఇచ్చి పేజీ తెరిపించేటట్టయితే, అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. లేత బూడిద రంగు అక్షరాలు అందంగా ఉంటాయి, కానీ కంటికి ఆనవు. బటన్ కనీసం 24 పిక్సెళ్ళు చాలని 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 (వెబ్ పేజీలు అందరికీ వాడుకోను వీలుగా ఉండాలని పెట్టిన ప్రమాణాలు) అంటుంది. వణికే వేలికి అది చాలదు, 44 పెట్టండి.

పేషెంటు కూతురు:
"అర్థమైందా" అంటే మా అమ్మ అన్నిటికీ ఆఁ అనేది. "ఏదమ్మా, ఒకసారి నడిచి చూపించు" అంటే అప్పుడు బయటపడింది, మంచి కాలు ముందు వేసేస్తోంది. వాకర్, ఆపరేషన్ కాలు, ఆ తర్వాతే కదా మంచి కాలు! వాళ్ళు చేసింది ఇంట్లోవాళ్ళని వీడియో తీసి పంపమనండి. పిక్క వాచి నొప్పెట్టినా, కుట్ల దగ్గర చీము పట్టినా వెంటనే ఫోన్ చేయాలని, ఆయాసం, ఛాతీనొప్పి వస్తే 108కి చేయాలని విడిగా ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. వ్యాయామాల మధ్యలో చెప్తే ఎవరూ పట్టించుకోరు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండి. కుడి కాలికీ ఎడమ కాలికీ వేరే వేరేగా తీయాలా?

ఫిజియోథెరపిస్టు:
తీయండి. సెల్ఫీ కెమెరాతో మాత్రం వద్దు, కొన్ని ఫోన్లలో కుడి ఎడమైపోతుంది. ఆపరేషన్ కాలికి ఎర్ర గుడ్డ కట్టి తీస్తే ఇంకా తేలిక.