బావురుపిల్లి ఒకటో షెడ్యూల్లో ఉంటే మడ నరకడం ఆగుతుందా?

పాయగట్టు:
కోరంగి అభయారణ్యం హద్దు దాటాక, పాయ ఒడ్డున అరెకరం పైచిలుకు తెల్లమడ, తిల్ల (ఉప్పుబురదలో పెరిగే మడచెట్లు) ఉన్నచోట పొక్లెయిను దింపారు. రొయ్యల చెరువుకి గట్లు లేస్తున్నాయి. బురదనిండా బావురుపిల్లి అడుగులే. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణలో షెడ్యూళ్లు ఆరు కాస్తా నాలుగయ్యాయి కదండీ, రక్షణ తగ్గినట్టేనా? ఏ చట్టం కింద ఫిర్యాదు పెడితే నిలబడుతుంది?

మడనేల:
షెడ్యూళ్ల లెక్క చూసి కంగారు పడకండి. బావురుపిల్లి అప్పుడూ ఒకటో షెడ్యూలే, ఇప్పుడూ అదే. వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. కనీస జరిమానా కూడా 10 వేల నుంచి 25 వేలకు పెరిగింది. చిక్కల్లా ఆ 'వేట' అన్న మాట దగ్గరే. పట్టడం, చంపడం, ఉచ్చు వేయడం వేట కిందికొస్తాయి. అది తిరిగే మడ కొట్టేయడం రాదు. ఆవాసాన్ని పాడుచేయకూడదనే 29వ సెక్షను అభయారణ్యం లోపలే పనిచేస్తుంది. అంచేత అడుగుల ఫొటోలు పట్టుకెళ్తే కేసు నిలవదు.

సడలించింది జంతువు చట్టాన్ని కాదండీ, నేల చట్టాలని. 2011 తీరప్రాంత నియమాల్లో పాయల పక్కన గరిష్ఠంగా 100 మీటర్ల దాకా ఆంక్షలుండేవి, 2019లో 50కి దించారు. అటవీ సంరక్షణ చట్టానికి 2023లో చేసిన సవరణతో, అడవిగా నోటిఫై అయిన నేలో, 1980 అక్టోబరు 25 నాటికి గానీ ఆ తర్వాత గానీ ప్రభుత్వ రికార్డుల్లో అడవి అని ఉన్న నేలో అయితేనే ఆ చట్టం వర్తిస్తుంది. రికార్డుకెక్కని అడవికి మాత్రం 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు కొంత ఊరట. ఇక రిజిస్ట్రేషన్ లేకుండా తీరంలో రొయ్యల సాగు చేస్తే ఒకప్పుడు మూడేళ్ల దాకా జైలు. 2023లో ఆ జైలు తీసేసి జరిమానాలతో సరిపెట్టారు. డబ్బున్నవాడికి అది పెట్టుబడిలో ఒక పద్దు.

ఎఫ్‌ఎంబీ:
ఫిర్యాదు మడ పేరుతో పెట్టండి, పిల్లి పేరుతో వద్దు. మడ ఉన్న నేల సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలి) నియమాల్లో ఒకటి-ఏ, అంటే ఎక్కువ రక్షణ ఉన్న వర్గం. ముందు రాష్ట్ర ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో సర్వే నంబరు పట్టి అడంగల్, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) దింపుకోండి. మడ వెయ్యి చదరపు మీటర్లు దాటితే చుట్టూ 50 మీటర్ల రక్షణ పట్టీ ఉండాలి. మీరన్న అరెకరం సుమారు రెండు వేలు, కాబట్టి దాటింది. అయితే పట్టాభూమిలో మడకి ఈ పట్టీ అక్కర్లేదని 2019 నియమాల్లోనే రాశారు. అది చూపించి 'పట్టాభూమి, నా ఇష్టం' అంటారు. నమ్మకండి. పోయింది పట్టీ ఒక్కటే, మడకున్న రక్షణ అలాగే ఉంది.

కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా తీరప్రాంత కమిటీకి ఇచ్చి, నకలు రాష్ట్ర తీరప్రాంత నిర్వహణ అథారిటీకి పంపండి. చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కి వెళ్లాలనుకుంటే ఆరు నెలల గడువుంటుంది. పొక్లెయిను దిగిన రోజు నుంచే లెక్క మొదలని అనుకోవడం క్షేమం. ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే అది కాస్తా దాటిపోతుంది.

లంకవాసి:
అభయారణ్యం లోపలైతే ఇంత తేలిగ్గా కుదరదు. కొల్లేరు అభయారణ్యం హద్దుని +5 కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తు చూపే గీత) నుంచి +3కి తగ్గించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. కానీ జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు లేకుండా అభయారణ్యం హద్దు మార్చకూడదని 26-ఏ సెక్షను అంటుంది. బయట నేలకి ఆ అడ్డు లేదు మరి.

ఎఫ్‌ఎంబీ:
ఇంకోటి, ఇదే అసలు మోసం. మడ నరకక్కర్లేదండీ, గట్టు మూస్తే చాలు. తెల్లమడకి బురదలోంచి పైకి పొడుచుకొచ్చే ఊపిరివేళ్లుంటాయి. ఆటుపోట్లు ఆగి నీరు నిలిచిపోతే అవి మునిగి, చెట్టు నిలువునా చస్తుంది. సర్వేకి వచ్చేసరికి అక్కడుండేవి ఎండుమోళ్లే. 'మడ లేదు' అని రాసేస్తారు. అందుకే పోటు వేళ ఒకటి, పాటు వేళ ఒకటి, గట్టుకి తూము ఉందో లేదో కనబడేలా, తేదీ, అక్షాంశ రేఖాంశాలు పడేలా ఫొటోలు తీయండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు కూడా జతచేయండి. తిల్ల కొమ్మలు తప్పించేటప్పుడు జాగ్రత్త, పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.